గెలాక్సీల మీద పీహెచ్‌డీ చేయాలనుకుంటున్నారా? ముందు ఈ ఒక్క పటం మీ చేత్తో గీయండి

ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్న పిల్లల దగ్గర్నుంచి, ఉద్యోగం చేస్తూ మళ్లీ చదువుకోవాలనుకునే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల దగ్గర్నుంచి నాకు తరచూ వచ్చే ప్రశ్న ఒకటే: "గెలాక్సీలు ఎలా పుట్టాయి, ఎలా మారాయి అనే దానిమీద పీహెచ్‌డీ చేయాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?" ఏ పుస్తకం చదవాలి, ఏ పరీక్ష రాయాలి అని కూడా అడుగుతారు. పరీక్షల సంగతి చివర్లో నాలుగు మాటల్లో చెబుతాను. ముందు మీరు చేయాల్సింది వేరే ఉంది. నిజమైన డేటా తీసుకుని, గెలాక్సీలు రెండు గుంపులుగా విడిపోయి కనిపించే ఆ ప్రసిద్ధ పటాన్ని మీ చేత్తో గీయాలి. ఒక గుంపు ఎర్రనిది, ఇంకొకటి నీలిది. ఈ రంగంలో పరిశోధన చేసే ప్రతి ఒక్కరూ ఏదో ఒక రోజు గీసిన పటమే ఇది. దీన్ని సరిగ్గా గీయగలిగితే మీకు పరిశోధన అంటే ఏమిటో తెలుస్తుంది. ఇది విసుగు తెప్పిస్తే, అయిదారేళ్లు ఇదే పని చేయడం మీకు నచ్చుతుందో లేదో కూడా ముందే తెలుస్తుంది.

సిద్ధాంతం ఒక్క ముక్కలో చెప్పేస్తాను. పెద్ద పెద్ద వేడి నక్షత్రాలు నీలంగా వెలుగుతాయి, కానీ తొందరగా ఆరిపోతాయి. కాబట్టి నీలంగా కనిపించే గెలాక్సీలో ఇప్పటికీ నక్షత్రాలు పుడుతున్నాయి. ఎర్రగా కనిపించేదాంట్లో ఆ పని చాలావరకు ఆగిపోయింది. ఎందుకు ఆగిందన్నదే మన రంగంలో అందరూ తవ్వుతున్న ప్రశ్న.

ఇంకో మాట మనసులో పెట్టుకోండి. ఏ గెలాక్సీ అయినా మన కళ్లముందు పెరగదు, ముసలిదవదు. ఒక జాతరలో ఒక్క ఫొటో తీసి, అందులో ఉన్న పసిపిల్లల్నీ పడుచువాళ్లనీ ముసలివాళ్లనీ చూసి మనిషి జీవితం ఎలా సాగుతుందో ఊహించడం లాంటి పని ఇది. అందుకే ఫొటోలో ఎవరు పడ్డారు, ఎవరు పడలేదు అన్నది అన్నిటికన్నా ముఖ్యం. కింద చెప్పే జాగ్రత్తల్లో చాలావరకు దీని చుట్టూనే తిరుగుతాయి.

కావలసినవి

మామూలు ల్యాప్‌టాప్ చాలు. 8 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది, 4 జీబీతోనూ గడుస్తుంది. ఇంటర్నెట్ కావాలి. పెద్ద పట్టికలు తెరిచి పటాలు గీసే టాప్‌క్యాట్ అనే ఉచిత ప్రోగ్రామ్ దించుకోండి, అది నడవడానికి జావా ఉండాలి. పైథాన్ వచ్చినవాళ్లు ఆస్ట్రోపై, మ్యాట్‌ప్లాట్‌లిబ్ వాడుకోవచ్చు. రానివాళ్లు దానికోసం ఆగొద్దు, ఈ పనంతా టాప్‌క్యాట్‌లోనే అవుతుంది. స్లోన్ డిజిటల్ స్కై సర్వే వారి డేటా అడిగి తెచ్చుకునే వెబ్‌సైటు క్యాస్‌జాబ్స్‌లో ఒక ఉచిత ఖాతా తెరవండి. అమెరికాలోని న్యూమెక్సికోలో అపాచీ పాయింట్ దగ్గరున్న 2.5 మీటర్ల టెలిస్కోపుతో చేసిన సర్వే ఇది. డేటా అందరికీ ఉచితం. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఏ సంస్థలోనూ చేరి ఉండక్కర్లేదు.

చివరిది, చాలామంది తేలిగ్గా తీసుకునేది: ఒక నోటుపుస్తకం. ఏ రోజు ఏ షరతు పెట్టారో, ఎన్ని గెలాక్సీలు మిగిలాయో రాసుకోవడానికి. మూడు వారాల తర్వాత "ఈ 4,000 గెలాక్సీలు ఎటు పోయాయి?" అని మీకే సందేహం వస్తుంది. అప్పుడు జవాబు చెప్పేది ఆ పుస్తకమే.

పట్టే సమయం: రోజుకు గంటన్నర చొప్పున మూడు, నాలుగు వారాలు.

1. ప్రశ్న ముందు రాసుకోండి

డేటా దించకముందే నోటుపుస్తకం మొదటి పేజీలో ఒక వాక్యం రాయండి. ఉదాహరణకు: "మనకు దాదాపు 70 కోట్ల కాంతి సంవత్సరాల లోపు ఉన్న, ఒక స్థాయికి మించి ప్రకాశవంతమైన గెలాక్సీల్లో ఎర్రవి ఎన్ని, నీలివి ఎన్ని? ప్రకాశంతో పాటు ఆ పాళ్లు మారతాయా?" ఈ వాక్యంలోనే దూరానికి హద్దు, ప్రకాశానికి హద్దు ఉన్నాయి చూడండి. "గెలాక్సీల పరిణామం అధ్యయనం చేస్తాను" అని రాస్తే ఎక్కడ ఆగాలో తెలియదు.

జేమ్స్ వెబ్ టెలిస్కోపు డేటాతోనే మొదలుపెడతామని కొందరు పట్టుబడతారు. ఆ ఉత్సాహం నాకు అర్థమవుతుంది. కానీ అంత దూరపు గెలాక్సీల్లో ప్రతి సంఖ్య వెనకా పది ఊహలు ఉంటాయి, మీ తప్పేదో ఊహ తప్పేదో మొదట్లో విడదీయలేరు. దగ్గరి గెలాక్సీల దగ్గర తప్పు చేస్తే అది తప్పని తెలిసిపోతుంది. నేర్చుకునేవారికి కావలసింది అదే.

2. డేటా అడగండి, కానీ ముందు పది వరుసలే

క్యాస్‌జాబ్స్‌లో ఎస్‌క్యూఎల్ భాషలో ప్రశ్న రాయాలి. పట్టికల పేర్లు, నిలువు వరుసల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. వాటి అసలు అక్షరాలు స్కీమా బ్రౌజర్ అనే పేజీలో దొరుకుతాయి, అక్కడ చూసి టైపు చేయండి.

స్పెక్‌ఆబ్జ్ పట్టిక నుంచి గుర్తింపు సంఖ్య, రెడ్‌షిఫ్ట్ (విశ్వ వ్యాకోచం వల్ల వెలుగు ఎరుపు వైపు ఎంత జరిగిందో చెప్పే అంకె, దూరానికి కొలత ఇదే), జెడ్‌వార్నింగ్ (ఆ కొలతలో అనుమానం ఉందా అని చెప్పే గుర్తు) తీసుకోండి. ఫొటోఆబ్జ్ నుంచి ఆకాశంలో స్థానం, ఆర్ ఫిల్టర్‌లో పెట్రోసియన్ మాగ్నిట్యూడ్, ఆర్ ఫిల్టర్ ఎక్స్‌టింక్షన్, యూ, జీ, ఆర్ ఫిల్టర్ల డీరెడ్ మాగ్నిట్యూడ్‌లు, అడ్డునిలువుల నిష్పత్తి (గెలాక్సీ పొట్టి వైపును పొడుగు వైపుతో భాగిస్తే వచ్చేది) తీసుకోండి. మాగ్నిట్యూడ్ అంటే వెలుగు కొలత, పెట్రోసియన్ అన్నది దాన్ని కొలిచే ఒక పద్ధతి. ఎక్స్‌టింక్షన్ అంటే మన పాలపుంత ధూళి మింగిన వెలుగు, దాన్ని సరిదిద్దినవే డీరెడ్ విలువలు. యూ ఫిల్టర్ అతినీలలోహిత వెలుగును, జీ ఆకుపచ్చను, ఆర్ ఎరుపును కొలుస్తాయి. గాల్‌స్పెక్ఎక్స్‌ట్రా నుంచి మొత్తం నక్షత్ర ద్రవ్యరాశి, మొత్తం నక్షత్ర జనన రేటు తీసుకోండి. ఈ చివరి రెండూ గార్చింగ్‌లోని మాక్స్ ప్లాంక్, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు కలిసి లెక్కగట్టినవి.

షరతులు: తరగతి గెలాక్సీ కావాలి. జెడ్‌వార్నింగ్ సున్నా కావాలి. రెడ్‌షిఫ్ట్ 0.02కీ 0.05కీ మధ్య ఉండాలి. పెట్రోసియన్ ఆర్ మాగ్నిట్యూడ్ నుంచి ఎక్స్‌టింక్షన్ తీసేశాక 17.77 కన్నా తక్కువ ఉండాలి. ఈ 17.77 మన ఇష్టం వచ్చిన అంకె కాదు. ఆ సర్వేలో వర్ణపటం తీయడానికి ప్రధాన గెలాక్సీలను ఎంచుకున్న గీత అదే.

మొదట పది వరుసలే అడగండి. వాటిని కళ్లతో చూడండి. అన్నీ సబబుగా ఉంటేనే మొత్తం అడగండి. పదుల వేల గెలాక్సీలు వస్తాయి.

ఇక్కడ అందరూ జారిపడే చోట్లు మూడున్నాయి.

మొదటిది జెడ్ అనే అక్షరం. ఫొటోఆబ్జ్ పట్టికలో జెడ్ అంటే ఒక ఫిల్టర్ మాగ్నిట్యూడ్. స్పెక్‌ఆబ్జ్‌లో అదే అక్షరం రెడ్‌షిఫ్ట్. ఏ పట్టిక జెడ్డో స్పష్టంగా రాయకపోతే ఒకదాని బదులు ఇంకొకటి వస్తుంది. రెడ్‌షిఫ్ట్ 16 అని కనిపిస్తే అది కొత్త ఆవిష్కరణ కాదు, ఫిల్టర్ మాగ్నిట్యూడ్ అన్నమాట.

రెండోది, పేరు చివర "ఆల్" అని ఉన్న పట్టికలు వాడటం. వాటిలో ఒకే గెలాక్సీ రెండు మూడుసార్లు ఉండొచ్చు. ఆల్ లేని పట్టికలే వాడండి.

మూడోదాంతో నేనే రెండు వారాలు పోగొట్టుకున్నాను. గుర్తింపు సంఖ్యలు 18, 19 అంకెల పొడవుంటాయి. ఫైలును ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే 15 అంకెల తర్వాతివన్నీ సున్నాలైపోతాయి. పైకి ఏమీ తెలియదు. తర్వాత రెండు పట్టికలు కలపబోతే కలవవు, లేదా ఇంకా ఘోరంగా, తప్పు గెలాక్సీతో కలుస్తాయి. ఎక్సెల్‌లో తెరవకండి. ఫిట్స్ అనే ఖగోళ డేటా ఫైలు రూపంలో దించుకుని నేరుగా టాప్‌క్యాట్‌లోకి తీసుకోండి.

సరిచూసుకోవడం: టాప్‌క్యాట్‌లో ఏవైనా అయిదు వరుసలు ఎంచుకుని వాటి గుర్తింపు సంఖ్యలను ఈ సర్వే వారి స్కైసర్వర్ వెబ్‌సైటులో వెతకండి. అక్కడ చూపించే రెడ్‌షిఫ్ట్, మీ పట్టికలోది ఒకటేనా? అయిదుకి అయిదూ కలవాలి. నాలుగు కలిస్తే ముందుకు వెళ్లొద్దు.

3. చెత్త ఏరండి

కొలవలేకపోయిన విలువల చోట ఆ డేటాలో -9999 అని ఉంటుంది. దాన్ని నిజం సంఖ్యగా సగటులో కలిపేస్తే ఇక అంతే సంగతులు. ద్రవ్యరాశి, నక్షత్ర జనన రేటు -9999 ఉన్నవాటిని వేరే గుంపుగా పెట్టండి. పూర్తిగా పారేయకండి, అవి ఎన్నో, ఎలాంటివో నోటుపుస్తకంలో రాయండి. రంగు విషయంలో యూ నుంచి ఆర్ తీసేస్తే వచ్చే అంకె 0 కన్నా తక్కువో 4 కన్నా ఎక్కువో ఉంటే దాదాపు ఎప్పుడూ కొలత లోపమే. అలాంటివి కొన్ని తెరిచి చూడండి. పక్కన మెరిసే నక్షత్రమో, ఒక పెద్ద గెలాక్సీలోని ముక్కను విడి గెలాక్సీగా లెక్కించడమో కనిపిస్తుంది.

4. ఎంత దూరం, ఎంత వెలుగు

గెలాక్సీ నిజంగా ఎంత ప్రకాశవంతమో తెలియాలంటే దూరం తెలియాలి. టాప్‌క్యాట్‌లో లూమినాసిటీ డిస్టెన్స్ అనే ఫంక్షన్ ఉంది. దానికి రెడ్‌షిఫ్ట్, హబుల్ స్థిరాంకం 70, పదార్థ సాంద్రత 0.3, డార్క్ ఎనర్జీ 0.7 ఇవ్వండి. జవాబు మెగాపార్సెక్‌లలో వస్తుంది (ఒక పార్సెక్ దాదాపు 3.26 కాంతి సంవత్సరాలు, మెగాపార్సెక్ అంటే పది లక్షల పార్సెక్‌లు). దాన్ని పార్సెక్‌లలోకి మార్చి, 10తో భాగించి, పది ఆధారంగా లాగరిథమ్ తీసి, 5తో గుణించండి. దీన్ని డిస్టెన్స్ మాడ్యులస్ అంటారు. కనిపించే మాగ్నిట్యూడ్ నుంచి దీన్ని తీసేస్తే అబ్సల్యూట్ మాగ్నిట్యూడ్, అంటే గెలాక్సీ అసలు ప్రకాశం వస్తుంది.

ఒక లెక్క చేసి చూపిస్తాను, మీరూ కాగితం మీద చేయండి. రెడ్‌షిఫ్ట్ 0.04, ఆర్ మాగ్నిట్యూడ్ 15.2 అనుకుందాం. దూరం దాదాపు 176.6 మెగాపార్సెక్‌లు. మాడ్యులస్ 36.23. కాబట్టి అబ్సల్యూట్ మాగ్నిట్యూడ్ సుమారు -21.0. ఇది పెద్ద గెలాక్సీయే.

మీకు ఈ గెలాక్సీకి -21 బదులు +9 వచ్చిందా? మెగాపార్సెక్‌లను పార్సెక్‌లుగా మార్చడం మరిచిపోయారు. -68 వచ్చిందా? పది ఆధారం బదులు సహజ లాగరిథమ్ వాడారు. పైథాన్‌లోని నంపైలో ఉత్త "లాగ్" అంటే సహజ లాగరిథమే, అందుకే ఈ తప్పు ఎక్కువ. -20.3 దగ్గర వచ్చిందా? హబుల్ స్థిరాంకం 70 బదులు 100 పెట్టారు. ఈ మూడోది చిక్కుది. పాత పరిశోధన పత్రాల్లో చాలావాటిలో 100 పెట్టే లెక్కగట్టారు. మీ సంఖ్యలు వారి సంఖ్యలకు సరిగ్గా 0.77 తేడాగా వస్తుంటే మీ తప్పేమీ లేదు, స్థిరాంకాల తేడా అది.

మాగ్నిట్యూడ్ ఎంత చిన్న అంకె అయితే వెలుగు అంత ఎక్కువ. ఇది తెలిసినా పొద్దుపోయాక పనిచేస్తుంటే గుర్తులు తారుమారవుతాయి. ప్రతి షరతు కిందా "ఇది ప్రకాశవంతమైనవి ఉంచుతోంది" లేదా "మసకవి ఉంచుతోంది" అని మాటల్లో రాసుకోండి.

దూరానికి కింది హద్దు 0.02 ఎందుకు? విశ్వ వ్యాకోచంతో పాటు ప్రతి గెలాక్సీకీ సొంత పరుగు ఒకటి ఉంటుంది, సెకనుకు కొన్ని వందల కిలోమీటర్లు. రెడ్‌షిఫ్ట్ 0.02 దగ్గర వ్యాకోచ వేగం సెకనుకు 6,000 కిలోమీటర్లు. 300 తేడా వచ్చినా దూరంలో తప్పు 5 శాతమే. అంతకన్నా దగ్గరికి వస్తే ఆ తప్పు పెరిగిపోతుంది.

5. జాతరలో అందర్నీ సమానంగా లెక్కపెట్టండి

ఈ అడుగు వదిలేసినవారి పటం చూడటానికి బాగుంటుంది, కానీ తప్పు చెబుతుంది.

సర్వే 17.77 దగ్గర ఆగిపోయింది కదా. రెడ్‌షిఫ్ట్ 0.02 దగ్గర ఆ గీత అబ్సల్యూట్ మాగ్నిట్యూడ్ -16.9కి సమానం. 0.05 దగ్గర అదే గీత -19.0కి సమానం. అంటే దగ్గర్లో చిన్న గెలాక్సీలు కూడా లెక్కకు వచ్చాయి, దూరంలో పెద్దవే వచ్చాయి. ఉన్నదున్నట్టు లెక్కపెడితే "దూరం పోయేకొద్దీ గెలాక్సీలు పెద్దవి" అన్న అబద్ధం తేలుతుంది. దీన్ని మాల్మ్‌క్విస్ట్ పక్షపాతం అంటారు.

చేయాల్సింది సులువు: అబ్సల్యూట్ మాగ్నిట్యూడ్ -19 కన్నా ప్రకాశవంతమైనవే ఉంచండి. మిగతావాటిని, ఎంత ముచ్చటగా ఉన్నా, ఈ లెక్క నుంచి తీసేయండి. సగం డేటా పోతోందని బాధపడేవాళ్లను చూశాను. పోనివ్వండి. మిగిలిన సగంతో మాట్లాడే ప్రతి మాటా నిలబడుతుంది.

సరిచూసుకోవడం: రెడ్‌షిఫ్ట్ 0.02 నుంచి 0.04 దాకా ఎన్ని, 0.04 నుంచి 0.05 దాకా ఎన్ని లెక్కపెట్టండి. ఈ రెండు భాగాల ఘనపరిమాణాలు దగ్గర దగ్గర సమానం, 56కి 61 పాళ్లు. కాబట్టి గెలాక్సీల సంఖ్యలూ కాస్త అటూఇటూగా అలాగే రావాలి. దూరపు భాగంలో సగమే ఉంటే మీ -19 గీత ఎక్కడో తప్పింది.

"అటూఇటూగా" అన్నది ఊరికే కాదు. గెలాక్సీలు సమంగా పరుచుకుని ఉండవు. రెడ్‌షిఫ్ట్‌ల హిస్టోగ్రామ్ గీస్తే 0.023 దగ్గర ఒక దిబ్బ లేచి కనిపిస్తుంది. అది లోపం కాదు, కోమా గెలాక్సీల గుచ్ఛం, దాని చుట్టుపక్కల సందోహం. దాన్ని మొదటిసారి నా తెరమీద చూసినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ఎవరో చెప్పింది కాకుండా నా డేటాలో నాకే ఒక గుచ్ఛం దొరికింది.

6. పటం గీయండి

అడ్డం అబ్సల్యూట్ మాగ్నిట్యూడ్, నిలువు యూ నుంచి ఆర్ తీసేస్తే వచ్చే రంగు. చుక్కలు వేల సంఖ్యలో ఉంటాయి కాబట్టి అన్నీ కలిసి నల్లటి మరకలా కనిపిస్తాయి. టాప్‌క్యాట్‌లో డెన్సిటీ షేడింగ్ పెట్టండి. అప్పుడు పైన ఒక సన్నని ఎర్రని పట్టీ, కింద ఒక వెడల్పాటి నీలి మేఘం తేలతాయి. ఆ పట్టీ కాస్త ఏటవాలుగా ఉందో లేదో చూడండి. ప్రకాశవంతమైన గెలాక్సీలు మరికాస్త ఎర్రగా ఉండాలి. పెద్ద గెలాక్సీల్లో భార మూలకాల పాలు ఎక్కువ కావడం దీనికి ముఖ్య కారణం.

తర్వాత రంగుకు ఒక్కదానికే హిస్టోగ్రామ్ గీయండి. రెండు గుట్టలు, మధ్యలో లోయ. 2001లో ఇస్క్రా స్ట్రాటెవా, ఆమె సహచరులు ఇదే సర్వే తొలి డేటాతో ఆ లోయ 2.22 దగ్గర ఉందని చూపించారు. మీ లోయ 2.2, 2.3ల చుట్టూ వస్తే సరే. 2.22 గీతకు పైనున్నవాటిని ఎర్రవిగా, కిందివాటిని నీలివిగా లెక్కించి, ఎర్రవి ఎంత శాతమో రాసుకోండి. ఒకే గుట్ట వస్తే ఎక్కడో పొరపాటు జరిగింది. ఎక్కువసార్లు కారణం ఇదే: డీరెడ్ విలువల బదులు సరిదిద్దని మాగ్నిట్యూడ్‌లు వాడటం, లేదా ఒక ఫిల్టర్‌కి పెట్రోసియన్, ఇంకోదానికి మోడల్ మాగ్నిట్యూడ్ కలిపేయడం. రంగుకు రెండు ఫిల్టర్లలోనూ ఒకే రకం కొలత ఉండాలి.

ప్రత్యామ్నాయం: యూ ఫిల్టర్ కొలతల్లో రొద ఎక్కువ. మీ పటం మరీ చెదిరినట్టుంటే జీ నుంచి ఆర్ తీసేసిన రంగు వాడండి. గుట్టలు దగ్గరకు జరుగుతాయి, కానీ కొలత గట్టిగా ఉంటుంది. నేనైతే రెండూ గీసి పక్కపక్కన అంటించుకోమంటాను.

7. ఇప్పుడు కళ్లతో చూడండి

ఈ అడుగు ఎవరూ చేయరు. నా లెక్కలో ఇదే అసలైనది.

ఎర్ర పట్టీ నుంచి 50, నీలి మేఘం నుంచి 50, మధ్య లోయ నుంచి 50 గెలాక్సీలను యాదృచ్ఛికంగా తీయండి. స్కైసర్వర్‌లోని ఇమేజ్ లిస్ట్ పేజీలో వాటి స్థానాలు అతికిస్తే బొమ్మలన్నీ ఒకేసారి వస్తాయి. ఒక్కొక్కటీ చూసి, ఇది గుండ్రని బంతిలా ఉందా, చుట్లు తిరిగిన చక్రంలా ఉందా, పక్కనుంచి కనిపిస్తున్న పళ్లెంలా ఉందా అని రాసుకోండి.

ఎర్రవాటిలో మీకు పక్కకు తిరిగిన పళ్లాలు కనిపిస్తాయి. మధ్యలో నల్లటి ధూళి గీత ఉంటుంది. అవి ముసలివి కావు. వాటిలో నక్షత్రాలు పుడుతూనే ఉన్నాయి, ధూళి నీలి వెలుగును మింగేస్తోంది. సాయంత్రం సూర్యుడు ఎర్రబడ్డట్టే. రంగును చూసి వయసు చెప్పేయడం ఈ రంగంలో అతి మామూలు తప్పు. అడ్డునిలువుల నిష్పత్తి 0.5 కన్నా తక్కువ ఉన్న గెలాక్సీలను తీసేసి పటం మళ్లీ గీయండి. ఎర్రవాటి పాలు ఎంత తగ్గిందో రాసుకోండి. ఆ అంకె మీరు స్వయంగా కనుక్కున్నది.

150 బొమ్మలు చూసే ఓపిక లేనివారికి దారి ఉంది. 2007లో మొదలైన గెలాక్సీ జూ ప్రాజెక్టులో లక్షమందికి పైగా మామూలు జనం ఇదే పని లక్షల గెలాక్సీలకు చేసిపెట్టారు. వారి ఓట్లు జూస్పెక్ అనే పట్టికలో ఉన్నాయి. అయినా ముందు కనీసం 30 మీరే చూడండి. ఆ ఓట్ల మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో అప్పుడే తెలుస్తుంది.

8. ద్రవ్యరాశి, నక్షత్ర జనన రేటు

రంగు దారి చూపిస్తుంది, సాక్ష్యం చెప్పేది జనన రేటు. అడ్డం నక్షత్ర ద్రవ్యరాశి, నిలువు జనన రేటు పెట్టి ఇంకో పటం గీయండి. రెండూ లాగరిథమ్‌లోనే ఉంటాయి కాబట్టి మళ్లీ లాగరిథమ్ తీయకండి. నక్షత్రాలు పుట్టిస్తున్న గెలాక్సీలు ఒక ఏటవాలు వరుసలో ఉంటాయి. ఆగిపోయినవి కింద మేఘంలా ఉంటాయి. జనన రేటును ద్రవ్యరాశితో భాగిస్తే వచ్చే అంకె ఏడాదికి 10 టు ది పవర్ -11 కన్నా తక్కువైతే ఆగిపోయినట్టు లెక్కించడం మామూలు పద్ధతి. ద్రవ్యరాశి సూర్యుడికి 3,000 కోట్ల రెట్ల చుట్టుపక్కల గెలాక్సీల స్వభావం మారడం గమనించండి. 2003లో గ్వినెవీర్ కౌఫ్‌మన్ బృందం ఈ మలుపును ఇదే సర్వేలో చూపించింది.

కానీ ఒక హెచ్చరిక. ఈ సర్వేలో వర్ణపటం తీయడానికి గెలాక్సీ వెలుగును పరికరానికి చేర్చే సన్నని గాజుపోగు, అంటే ఫైబర్, వెడల్పు ఆకాశంలో 3 ఆర్క్‌సెకన్లే (ఒక ఆర్క్‌సెకను డిగ్రీలో 3,600వ వంతు). రెడ్‌షిఫ్ట్ 0.05 దగ్గర అది దాదాపు 3 కిలోపార్సెక్‌లు, 0.02 దగ్గర 1.2. అంటే పెద్ద గెలాక్సీ నడిబొడ్డు మాత్రమే ఫైబర్‌లో పడుతుంది. మిగతా భాగానికి రంగుల ఆధారంగా సరిదిద్దిన అంచనా వేశారు. ఆగిపోయిన గెలాక్సీల జనన రేట్లు మరీ అంచనాలు. అందుకే కింది మేఘం ఆకారాన్ని చూసి కథలు అల్లకండి. "వరుసకు చాలా కింద ఉన్నాయి" అన్నంతవరకే చెప్పండి.

9. మీ ఫలితాన్ని మీరే పడగొట్టి చూడండి

ఎర్రవాటి పాలు ఎంత శాతమో వచ్చింది కదా. ఇప్పుడు ఆ అంకెను కదిలించండి. 2.22 గీతను 2.1కీ 2.3కీ జరిపితే ఎంత మారింది? కోమా చుట్టూ, అంటే ఆకాశంలో అక్షాంశ రేఖాంశాల్లాంటి కొలతల్లో రైట్ అసెన్షన్ 195 డిగ్రీలు, డెక్లినేషన్ 28 డిగ్రీల దగ్గర, అయిదు డిగ్రీల వలయం తీసేస్తే ఎంత మారింది? ఆకాశాన్ని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో ముక్కలో ఎంత వచ్చింది? ఆ నాలుగింటి మధ్య తేడాయే మీ నిజమైన అనిశ్చితి. వేల గెలాక్సీలున్నాయి కదా అని వర్గమూలం సూత్రంతో లెక్కించే లోపం దానికన్నా చాలా చిన్నగా వస్తుంది. దాన్ని నమ్మితే మోసపోతారు.

ఫొటోలో పడనివారి మాట ఇంకొకటి. టెలిస్కోపులో ఫైబర్లు గుచ్చే ఒక లోహపు పలకలో అవి 55 ఆర్క్‌సెకన్ల కన్నా దగ్గరగా అమర్చడం కుదరదు. అందుకే పక్కపక్కనున్న గెలాక్సీల జంటల్లో ఒకదానికే వర్ణపటం దక్కుతుంది, దాదాపు 6 శాతం గెలాక్సీలు ఇలా తప్పిపోయాయి. ఇవి ఎక్కువగా కిక్కిరిసిన గుచ్ఛాల్లోనివి. ఎర్ర గెలాక్సీలు ఎక్కువుండేదీ అక్కడే. ఈ లోటు మీ శాతాన్ని ఎటు లాగుతుందో ఆలోచించి రాయండి. సరిదిద్దడం ఇప్పుడే రాకపోయినా ఫరవాలేదు, ఎటు లాగుతుందో చెప్పగలగాలి.

10. దీన్ని పరిశోధన ప్రశ్నగా మార్చండి

ఇప్పుడు మీ దగ్గర ఒక పటం, ఒక అంకె, దాని లోపం, తప్పిపోయినవాటి జాబితా ఉన్నాయి. ఇక్కణ్నుంచి మూడు దారులు.

ఒకటి పరిసరాలు. ఒకే ద్రవ్యరాశి ఉన్న గెలాక్సీల్లో, కిక్కిరిసిన చోట ఉన్నవి ఎక్కువ ఎర్రగా ఉంటాయా? 2010లో యింగ్‌జియే పెంగ్, సైమన్ లిల్లీ బృందం ద్రవ్యరాశి ప్రభావాన్నీ పరిసరాల ప్రభావాన్నీ విడదీయవచ్చని చూపింది. ఆ పని చిన్నపాటిగా మీరూ చేసి చూడొచ్చు.

రెండోది సిమ్యులేషన్. కంప్యూటర్‌లో విశ్వాన్ని నడిపించి చూసిన ఇల్లస్ట్రిస్ టీఎన్‌జీ సిమ్యులేషన్ డేటా ఉచితం, ఖాతా తెరిస్తే చాలు. అందులోని గెలాక్సీలకు ఇదే పటం గీసి పోల్చండి. పోల్చేటప్పుడు సిమ్యులేషన్ గెలాక్సీలకు కూడా -19 గీత పెట్టాలి, ధూళి ప్రభావం కలిపారో లేదో చూసుకోవాలి. లేకపోతే మామిడిపండును టెంకతో పోల్చినట్టే.

మూడోది వాయువు. నక్షత్రాలకు ముడిసరుకు హైడ్రోజన్. పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపుతో, దాన్ని నడిపే ఎన్‌సీఆర్‌ఏ సంస్థ పరిశోధకులు 2020లో వేల గెలాక్సీల సంకేతాలను కలిపి, సుమారు 800 కోట్ల సంవత్సరాల కిందటి గెలాక్సీల్లోని పరమాణు హైడ్రోజన్‌ను కొలిచారు. ఇది మన దేశంలోనే చేయగల పీహెచ్‌డీ అంశం. 2017లో ప్రకటించిన సరస్వతి మహాగుచ్ఛం కూడా ఐయూకా, ఐసర్ పుణె తదితర సంస్థల పరిశోధకులు మీరు ఇప్పుడు వాడిన ఈ స్లోన్ సర్వేలోనే కనుక్కున్నారు. డేటా అందరి ముందూ ఉంది. చూసే ప్రశ్న వారిది.

11. ఇక పరీక్షలు, ఉత్తరాలు

పీహెచ్‌డీ ప్రవేశాలకు జెస్ట్, గేట్, సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలు ముఖ్యం. సంస్థను బట్టి వేరే పరీక్షలూ ఉంటాయి. పుణెలో ఐయూకా, ఎన్‌సీఆర్‌ఏ, బెంగళూరులో ఐఐఏ, నైనితాల్‌లో ఏరీస్, ముంబయిలో టీఐఎఫ్‌ఆర్, ఈ పరిశోధన సంస్థల వెబ్‌సైట్లు ప్రతి ఏడూ చూసుకోండి. తేదీలూ నియమాలూ మారుతుంటాయి. హైదరాబాద్‌లో ఉన్నవారికి ఉస్మానియా ఖగోళశాస్త్ర విభాగం, దాని జపాల్-రంగాపూర్ వేధశాల దగ్గర్లోనే ఉన్నాయి. ప్రసిద్ధ ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు పెరిగి, ఆకాశం చూడటం నేర్చుకున్నది కూడా ఆ ఊళ్లోనే, నిజామియా వేధశాలలో.

గైడ్ కావాలని ప్రొఫెసర్లకు రాసేటప్పుడు "చిన్నప్పటి నుంచి నక్షత్రాలంటే ఇష్టం" అని మొదలుపెట్టకండి. అది నిజమే, కానీ అందరూ అదే రాస్తారు. మీ పటం ఒక్క పేజీలో పెట్టండి. కింద అయిదు వాక్యాలు: ఏ డేటా, ఏ షరతులు, ఏం వచ్చింది, ఏది సరిదిద్దలేకపోయారు, ఏది అర్థం కాలేదు. ఆ చివరి వాక్యం మీద ఎక్కువ సమయం పెట్టండి. "అడ్డునిలువుల నిష్పత్తి 0.5 దాటినవాటిలో, చుట్లు స్పష్టంగా కనిపిస్తున్నా ఎర్రగానే ఉన్నవి కొన్ని మిగిలాయి. వాటి స్థానాలు ఇవి. ధూళి కారణం కాదనుకుంటున్నాను. కారణం తెలియలేదు." ఇలా రాసిన ఉత్తరం వస్తే నేను ఆ స్థానాలు తెరిచి ఆ గెలాక్సీలను చూస్తాను.